లేని మేనత్త

ఆ ఏడు వానలు పడకముందే మా మామ్మ సింహాచలమ్మ పోయింది. దినాలు పూర్తయిన మర్నాడు అమ్మ పనికి బయల్దేరబోతూ, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ తీసేసి, గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. లోపల తమ్ముడు బుజ్జిబాబు మామ్మ మంచం కింద దూరి ఆవిడ కోసం వెతుకుతున్నాడు. మామ్మ లేదన్న సంగతి మాకు నిజంగా తెలిసింది అప్పుడే.

బుజ్జికి అప్పటికి ఏడేళ్ళు. పుట్టిన వెంటనే ఊపిరి అందలేదట, మెదడు దెబ్బతిందన్నారు. నడవలేడు, మాట రాదు. కానీ పాకడంలో వాణ్ణి అందుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. రైలు కూత వినపడితే చాలు, ముఖమంతా నవ్వు చేసుకుని, మోచేతుల మీద ఈడ్చుకుంటూ వాకిలి దాటేసేవాడు. మా ఇల్లు ఖరగ్‌పూర్లో పూరీ గేట్ వెనక రేకుల ఇళ్ళ వరసలో చివరిది. మా తాత దేముడు వర్క్‌షాపులో ఖలాసీగా ఉన్నన్నాళ్ళూ మాకు రైల్వే క్వార్టరు ఉండేది. ఆయనతోపాటే అదీ పోయింది. ఇప్పుడు మా వాకిలికీ పట్టాలకీ మధ్య ఒక మురిక్కాలవ, కాసిని తుప్పలు, అంతే. ఇన్నేళ్ళూ మామ్మే వాడికి కంచె.

నాన్న హరిబాబు స్టేషన్ దగ్గర టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడిపేవాడు. అమ్మ రాధారాణి తాల్‌బగీచాలో రెండిళ్ళల్లో పని చేసేది. నేను ప్రశాంతిని. ఎనిమిదో తరగతి.

మొదట అమ్మ బుజ్జిని చంకనేసుకుని పనికి తీసుకెళ్ళింది. పెద్దింటి బౌది, బెంగాలీ ఇల్లాలిని అలాగే పిలవాలి, మంచిదే, పాపం, ఏమీ అనలేదు. కానీ వాడు వాళ్ళ నున్నటి గచ్చు మీద తడిపితే, అమ్మ తుడుస్తుంటే, ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయిందట. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న అన్నాడు.

"పాపని బడి మానిపించీ. ఎనిమిది సదివింది, సాల్దేటి? నానేపాటి సదివినాను?"

"సదవకపోబట్టే టోటో తోల్తన్నావు," అంది అమ్మ.

"అయితే నువ్వు పని మానీ."

అమ్మ మానేస్తే ఇల్లు నడవదని ఆయనకీ తెలుసు. కంచంలో చెయ్యి కడుక్కుని లేస్తూ, "పాప మాత్రం బడి మాన్దు. నాను సూసుకుంతాను," అంది.

ఎలా చూసుకుంటుందో నేను అడగలేదు. బడి మానక్కర్లేదన్న సంతోషంలో ఉన్నాను.

మర్నాడు సాయంత్రం బడినుంచి వచ్చి, బయటి గొళ్ళెం తీసి లోపలికి వెళ్తే, బుజ్జి కిటికీ కింద కూర్చుని ఉన్నాడు. మామ్మ పాత చీర ఒకటి మెలిపెట్టి, ఒక కొస వాడి నడుముకి, రెండోది మంచం కోడుకి కట్టి ఉంది. నడుం ఒరుసుకుపోకుండా లోపల మెత్తటి గుడ్డ చుట్టింది అమ్మ. నీళ్ళ గ్లాసు అందేటట్టూ, తలుపు అందకుండానూ, కిటికీలోంచి రైళ్ళు కనపడేటట్టూ చూసి మరీ మంచం జరిపింది. ఏడ్చి ఏడ్చి వాడి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి నవ్వాడు.

అమ్మ వచ్చాక నేను ఏమీ అనకముందే తనే అంది.

"ఒలే, ఎవల్తోనూ అనకు."

"ఏడుస్తన్నాడమ్మా."

"ఏడిస్తే బతికున్నాడని. పట్టాల మీదకెల్తే ఏడుపూ ఇనపడదు."

అలా చెప్పి, వెనక్కి తిరిగి, చాలాసేపు బియ్యం ఏరింది. అవి ఏరక్కర్లేని బియ్యం.

ఈ సంగతి మాకు కాక పక్కింటి సూసన్నత్తకి ఒక్కదానికే తెలుసు. ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయా. మోకాళ్ళు పోయి, ఇప్పుడు గుమ్మం దాటి రాలేదు. మధ్యాహ్నాలు రేకు గోడ మీద కొట్టి, "బుజ్జిగా, నానున్నాన్రా, ఏడవకు," అని అరుస్తూ ఉండేది. వాడు అటునుంచి అరిచి జవాబు చెప్పేవాడట.

నేను బడిలో పాఠం వింటూ వింటూ, చెయ్యి తీసుకెళ్ళి నా నడుం తడుముకునేదాన్ని.

* * *

ప్రణతక్క వచ్చింది ఆ రోజుల్లోనే, ఒక ఆదివారం, సైకిలు మీద. సన్నగా, పొడుగ్గా, జీన్సు ప్యాంటు మీద కుర్తా. వరంగల్ దగ్గరి పిల్ల. వాళ్ళక్క లలిత హిజ్లీ క్యాంపస్‌లో ఉద్యోగం చేస్తుంటే ఆవిడ దగ్గర ఉంటూ, కలకత్తాలోని ఒక సంస్థ తరఫున పరిశోధన చేస్తోంది. వికలాంగులైన పిల్లలున్న బీద ఇళ్ళు ఎలా గడుస్తున్నాయి, ఎవరి సాయం అందుతోంది, ఎవరిది అందడం లేదు, అదీ ఆమె చదువు. మా వీధికి తెలుగు మాట్లాడేవాళ్ళు చుట్టాలు తప్ప ఎవరూ రారు. అందుకని అమ్మ మొదట ఎవరి తాలూకో అనుకుని కొంగు సర్దుకుని లేచింది.

"మీరు చెప్పేది రాస్కుంట అమ్మా, పర్వాలేదా? పేర్లు ఎక్కడా రాయం," అంది ప్రణతక్క.

అమ్మ నన్ను సూసన్నత్త దగ్గరికి పంచదారకి పంపింది. నేను వచ్చేసరికి ప్రణతక్క నేల మీదే బాసింపట్టు వేసుకుని, బుజ్జి చేతిలో తన పెన్ను పెట్టి ఆడిస్తోంది. మా ఇంటికొచ్చిన పైవాళ్ళెవరూ వాణ్ణి అంత దగ్గరగా ముట్టుకోలేదు. అమ్మ ముఖం ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. కంచంలో ఏం పెడతారు, ఎక్కడ పడుకుంటాడు, పింఛను వస్తోందా, అన్నీ అడిగింది ప్రణతక్క. పింఛనుకి సర్టిఫికెట్ కావాలి, దానికి పెద్దాసుపత్రిలో డాక్టర్లు వాణ్ణి చూడాలి, ఒకసారి పని మానుకుని వెళ్తే ఆ రోజు చూడలేదు, మళ్ళీ వెళ్ళే వీలు దొరకలేదు. అమ్మ అన్నీ చెప్పింది.

"మీరు పనికి పోయినప్పుడు బాబును ఎవరు చూస్తరు?"

"మా ఆడబిడ్డ ఉన్నాది కదమ్మా. రోజూ వస్తాది," అంది అమ్మ.

నాకు మేనత్త లేదు. నాన్న ఒక్కడే కొడుకు. అమ్మ నావైపు చూడలేదు. నేనూ నేలనే చూశాను.

"పేరేంటి ఆమెది?"

"అప్పలనరసమ్మ."

ఆ రోజునుంచి మాకు ఒక మేనత్త ఏర్పడింది. ప్రణతక్క వచ్చిన ప్రతిసారీ, "అప్పలనరసమ్మగారు లేరా?" అనేది. "ఇప్పుడే ఎల్లింది తల్లీ, సిటికెలో తప్పిపోనారు," అనేది అమ్మ. ఆవిడ జర్దా నములుతుందనీ, మొగుడు ఆద్రా లైనులో గ్యాంగ్‌మాన్ అనీ, పిల్లల్లేరు కాబట్టి బుజ్జి అంటే ప్రాణమనీ అమ్మ ఒక్కొక్క ముక్కే చేర్చింది. ఒకరోజు నేను కూడా, అడక్కుండానే, "మా అత్త బుజ్జికి పాటలు పాడతాది," అన్నాను. ఆ రాత్రి అమ్మ నన్ను దగ్గరకి తీసుకుని తల దువ్వింది. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోలేదు.

ప్రణతక్క మాత్రం ఆ నెలలో బుజ్జి గురించి మాకు తెలియని సంగతి ఒకటి కనిపెట్టింది. "రైలేది బుజ్జీ?" అంటే వాడు కిటికీవైపు తిరిగేవాడు. "అక్క ఏది?" అంటే నావైపు. "అమ్మ ఏది?" అంటే, అమ్మ ఇంట్లో లేకపోతే, తలుపువైపు. వీడికి అర్థమవుతోంది, మాట ఒక్కటే రావడం లేదు, వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్తే చేతులు కూడా బాగుపడతాయి అంది. అమ్మ ఆ మాటకి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం అనుకుంది ప్రణతక్క. నేనూ అలాగే అనుకున్నాను. వాడికి అన్నీ అర్థమవుతున్నాయంటే కట్టేయడం కూడా అర్థమవుతోందనే కదా అని, ఎన్నాళ్ళకో గాని నాకు తట్టలేదు.

* * *

శ్రావణంలో వాన ఆగకుండా కురిసింది. ఒక మధ్యాహ్నం బడిలోకి నీళ్ళొచ్చి మమ్మల్ని తొందరగా వదిలేశారు. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇంటికొచ్చేసరికి మా గుమ్మం ముందు ప్రణతక్క గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. సైకిలు కాలవలోకి ఒరిగిపోయి ఉంది. ఆసుపత్రిలో బుజ్జిని ఎప్పుడు చూస్తారో కనుక్కుని, ఆ కబురు చెబుదామని వచ్చిందట.

"ప్రశాంతీ, లోపల బాబు ఏడుస్తున్నడు. ఎంత పిలిచినా మీ అత్త పలుకుతలేదు."

"బజారుకెళ్ళుంటాది," అన్నాను.

"బయట గొళ్ళెం పెట్టిపోయిందా?"

ఆమె చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. కానీ తియ్యలేదు. పరాయివాళ్ళ తలుపు కదా. నేను కూడా చాలాసేపు నిలబడ్డాను. వాన చూరునుంచి మా ఇద్దరి మధ్యా పడుతోంది. లోపల బుజ్జి మళ్ళీ అరిచాడు. నేను గొళ్ళెం తీశాను.

కాలవ నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయి. మంచం కింద గిన్నెలు తేలుతున్నాయి. బుజ్జి ఎక్కగలిగినంత పైకి ఎక్కి, మంచం కోడుని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. తడిసిన చీర బిగుసుకుని నడుములోకి దిగింది. ఒళ్ళంతా మురికి, వాడిదీ కాలవదీ కలిసి. నన్ను చూసి, ఎప్పట్లాగే, నవ్వాడు.

ప్రణతక్క గొడుగు వదిలేసి నీళ్ళలో కూలబడి ముడి విప్పబోయింది. ఆమెకి రాలేదు. నేను పళ్ళతో పట్టి లాగాను. ఆ ముడి నాకు అలవాటే. విడిపించగానే ఆమె బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడి నడుం చుట్టూ ఎర్రటి చార. దాన్ని వేలితో ముట్టుకుని, నావైపు చూసి, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. చెప్పేదాన్నేమో.

అప్పుడే అమ్మ వచ్చింది. వానకి భయపడి పని వదిలేసి పరిగెత్తుకొచ్చిందని తెలుస్తోంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. గుమ్మంలో ఆగి, ప్రణతక్కని చూసింది, బుజ్జిని చూసింది. నీళ్ళలో తేలుతున్న చీర తీసి, పిండి, ఉతికిన బట్టని మడతపెట్టినట్టు మడతపెట్టింది.

"టీ పెట్టనా తల్లీ?" అంది.

పొయ్యి నీళ్ళలో ఉంది.

"వద్దమ్మా," అంది ప్రణతక్క. బుజ్జిని అమ్మకి అందించి, గొడుగు మర్చిపోయి, సైకిలు నడిపించుకుంటూ వానలోనే వెళ్ళిపోయింది. చెప్పడానికి వచ్చిన కబురు చెప్పనేలేదు.

* * *

ప్రణతక్క తన సంస్థలో పెద్ద అయిన చలపతి సారుకి చెప్పింది. పసివాడికి అపాయం ఉందని తెలిస్తే చెప్పి తీరాలట, వాళ్ళ రూలు. ఆయన పిల్లల సంరక్షణ చూసేవాళ్ళకి చెప్పాడు. నీళ్ళు తీశాక ఒక పొద్దున జీపు వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. ఒక మేడమ్, ఆవిడ వెంట ఆఫీసు మనిషి ఒకాయన. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. బుజ్జికి బిస్కట్లు తెచ్చారు. కానీ మా వీధిలో జీపు ఆగిందంటే అందరూ గుమ్మాల్లోకి వస్తారు.

"బచ్చే కో బాంధ్ కే రఖ్తీ హో?" అని, పిల్లాణ్ణి కట్టేసి ఉంచుతున్నావా అని, అడిగింది మేడమ్. గట్టిగా కూడా అడగలేదు. కానీ హిందీ మా వీధిలో ఎవరికి రాదు?

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎవరో వెళ్ళి చెప్తే నాన్న టోటో వేసుకుని వచ్చాడు. వెనక సీట్లో ఎవరో ప్రయాణికులు సామాన్లతో కూర్చునే ఉన్నారు, వాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు. నాన్న రెండు చేతులూ జోడించాడు.

"దీనికి తెలివి నేదు మేడమ్. ఆడమనిషి. ఔర్ నహీ హోగా, ఇంక జరగదు. నాను సూసుకుంతాను."

ఆయనకి మొదటినుంచీ తెలుసు. రోజూ పొద్దున్నే కాకపోయినా, కొన్ని రోజులు ఆ ముడి వేసింది ఆయనే. అమ్మ ఆ మాట అంటుందేమోనని నేను చూశాను. అమ్మ అనలేదు. తల మరికొంచెం దించుకుంది.

కబురు తాల్‌బగీచా దాకా వెళ్ళింది. మర్నాడు పెద్దింటి బౌది గేటు దగ్గరే నిలబడి, "కాల్ థేకే ఆర్ ఏషో నా, రాధా," అందట. రేపట్నుంచి రావద్దని. ఇంక అమ్మకి మిగిలింది రెండో ఇల్లొక్కటే. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయని చెప్పింది అమ్మ. ఎందుకు చెప్పిందో తెలియదు, ఆవిడ తరఫున మాట్లాడుతున్నట్టు చెప్పింది.

సోమవారం పొద్దున నేను జడ వేసుకుంటుంటే నాన్న నా పుస్తకాల సంచి తీసి, చిలక్కొయ్యకి పైన, నాకు అందనంత ఎత్తున తగిలించాడు. అమ్మ చూసింది. ఈసారి అడ్డుచెప్పలేదు. వీధంతా చూస్తుండగా దించుకున్న తల ఇంట్లో ఎత్తడం ఆవిడకి చేతకాలేదు.

అలా నేను బడి మానేశాను. పొద్దున్నే బుజ్జికి ముఖం కడిగి, అన్నం మెత్తగా పిసికి పెట్టి, చంకనేసుకుని రైళ్ళు చూపించేదాన్ని. మా క్లాసు పిల్లలు యూనిఫారాల్లో వీధి వెంట పోతుంటే వాణ్ణి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, వాళ్ళ మాటలు వినపడనంత దాకా అక్కడే ఉండేదాన్ని. ఒకసారి బుజ్జి రైలు కూతకి నా చేతుల్లోంచి దూకబోతే, కోపం ఆగక వాణ్ణి కొట్టాను. వాడు ఏడవలేదు. నా ముఖం చూసి, తలుపువైపు తిరిగాడు.

జీపు మేడమ్ మళ్ళీ ఒకసారి వచ్చింది. బుజ్జి శుభ్రంగా, నూనె రాసిన తలతో నా ఒళ్ళో ఉన్నాడు. ఆవిడ ముఖం విప్పారింది.

"స్కూల్ నహీ గయీ?"

"ఛుట్టీ హై," అన్నాను.

"అచ్ఛీ బచ్చీ," అని నా బుగ్గ తట్టింది. ఆ అబద్ధం ఎవరూ నేర్పలేదు. ఇంట్లో లేనిది అడిగితే ఉన్నట్టు చెప్పడం నాకు అప్పటికే వచ్చేసింది. అమ్మ అప్పలనరసమ్మని పుట్టించింది, నేను సెలవుల్ని పుట్టించాను.

* * *

దుర్గ పూజలు వెళ్ళి, బళ్ళు తెరిచిన చాలా రోజులకి ప్రణతక్క వచ్చింది. ఎండగా ఉంది. సైకిలు దిగి వాకిట్లోనే నిలబడింది. అమ్మ లోపలికి రమ్మనలేదు. పొమ్మనా లేదు. చేట పక్కన పెట్టి కూర్చుంది.

"నామీద కోపమున్నదా అమ్మా?"

"కోపం ఏటి తల్లీ. నువ్వు సూసింది నువ్వు సెప్పినావు."

నేను బుజ్జిని ఎత్తుకుని బయటికి వచ్చాను. ప్రణతక్క నన్ను చూసింది.

"ఇయ్యాల బడి లేదా?"

"సెలవులు," అన్నాను, నోటికి అదే వచ్చి.

"పూజ సెలవులు అయిపోయినయి కదా?"

బుజ్జి ఆమెని గుర్తుపట్టి, ఆమె పెన్ను కోసం చెయ్యి చాచాడు. ప్రణతక్క ఆ చెయ్యి పట్టుకుని, నావైపూ అమ్మవైపూ చూసి, మెల్లగా మా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"దీని బడి కోసమే వాణ్ణి కట్టినాను," అంది అమ్మ, చేటలోకి చూస్తూ. "ఇద్దర్లో ఒకల్ని కట్టాలి గదమ్మా. ఇప్పుడు దీన్ని కట్టినాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తప్పు ఒప్పుకుంటున్నట్టే అంది. అందుకే కాబోలు ప్రణతక్క బుజ్జి చెయ్యి వదిలి లేచి వెళ్ళిపోయింది. ఇంక రాదనుకున్నాం.

వారం తిరక్కుండా వచ్చింది. ముందు అమ్మని పక్కకి పిలిచి, ఇంకో తల్లిని తీసుకురావచ్చా అని అడిగింది, అమ్మ చాలా తటపటాయించి తలూపింది. ఆ మధ్యాహ్నం ఒకావిడని వెంటబెట్టుకొచ్చింది. చిలకమ్మ. గేటుకి అవతలి బస్తీ. ఆవిడ చంకలో బుజ్జి ఈడు ఆడపిల్ల, అదే వాలిపోయే మెడ, అవే బిగుసుకున్న చేతులు. అమ్మ ఆ పిల్లని చూసి లేచి నిలబడింది. ఖరగ్‌పూర్లో ఇలాంటి బిడ్డ తనకొక్కదానికే ఉన్నాడని అనుకునేదేమో, రెప్పవెయ్యకుండా చూసింది.

చిలకమ్మ చుట్టూ చూసి అడిగింది. "మీ ఆడబిడ్డ సూసుకుంతాదంట గదా వదినా. ఏదీ?"

అమ్మ ముఖం కందిపోయింది. "నేదు," అంది. "మా ఆయనికి అప్పాసెల్లెల్లు ఎవల్లూ నేరు."

చిలకమ్మ అమ్మనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "నాను మా అత్త సూసుకుంతాదని సెప్పినాను ఈ పిల్లకి," అంది ప్రణతక్కని చూపిస్తూ. "మా అత్త సచ్చిపోయి సానా ఏళ్ళయింది."

ముందు నవ్వింది ఎవరో తెలియదు. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఆగి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మళ్ళీ మొదలెట్టి నవ్వారు. రేకు గోడ అవతలినుంచి సూసన్నత్త, "ఓలమ్మా, ఏటే ఆ నవ్వులు?" అని కేకేసింది. మామ్మ పోయాక అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ప్రణతక్క మాత్రం నవ్వలేదు. తల వంచుకుని, తన చేతుల్లోకి తను చూసుకుంటూ కూర్చుంది.

ఆ రోజు కుదిరిన ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. పొద్దుట పూట ఇద్దరు పిల్లలూ చిలకమ్మ దగ్గర, అమ్మ పనికి. మధ్యాహ్నం ఇద్దరూ అమ్మ దగ్గర, చిలకమ్మ పనికి. నాన్న పొద్దున్నే బుజ్జిని టోటోలో ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా గేటు అవతలికి తీసుకెళ్ళాలి. మొదటి రోజుల్లో వాడి తల మీద తువ్వాలు కప్పేవాడు. తర్వాత ఎండ ఎక్కువై వాడు ఏడుస్తుంటే తీసేశాడు. ఆసుపత్రికి ప్రణతక్కే వెంట వచ్చింది. సర్టిఫికెట్ వచ్చింది, పింఛను ఆలస్యంగానైనా వచ్చింది. నేను బడికి వెళ్ళాను. ఆ ఏడు పరీక్ష పోయింది. మళ్ళీ ఎనిమిదిలోనే, నాకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చున్నాను.

* * *

ఆ శీతాకాలంలోనే ప్రణతక్క వాళ్ళ సంస్థ గోల్‌బజార్ దగ్గర ఒక హాల్లో సభ పెట్టింది. పరిశోధనలో తేలినవి అందరికీ చెప్పడానికట. తల్లుల్ని కూడా పిలిచారు. మామ్మ దినాలకి కొన్న చీర కట్టుకుంది అమ్మ. బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన నేను. చిలకమ్మకి ఆ పూట పని దొరికి రాలేదు. వెనక బెంగాలీ పెద్దమనుషులు, ఆఫీసర్లు, శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు.

చలపతి సారు తెలుగువాడే అయినా అందరి కోసం ఇంగ్లీషులో మాట్లాడాడు. నేను బళ్ళో నేర్చుకున్నంత మేరకి వింటూ, అమ్మ చెవిలో మెల్లగా తెలుగులో చెప్తున్నాను. వికలాంగులైన పిల్లలున్న ఇళ్ళు ఎంత బీదగా ఉన్నాయో చెప్తున్నారమ్మా. ఆసుపత్రికి వెళ్ళడం ఎంత కష్టమో చెప్తున్నారమ్మా. అమ్మ తలూపుతూ వింది. తన కష్టం అంత పెద్దమనిషి నోట వినడం ఆవిడకి బాగానే ఉంది.

అప్పుడాయన గొంతు తగ్గించి, ఒక ఇంట్లో, అన్నాడు. ఏడేళ్ళ పిల్లవాడు. మంచానికి కట్టేసి ఉన్నాడు. చుట్టూ మురికినీళ్ళు. తల్లికి అవగాహన లేకపోవడం వల్ల, అన్నాడు. ఇగ్నొరెన్స్, ఆ ఇంగ్లీషు మాట నాకు తెలుసు, మా పాఠంలో ఉంది.

నేను చెప్పడం ఆపేశాను.

పక్కన నిలబడి ఉన్న ప్రణతక్క ఒక అడుగు ముందుకేసింది. ఏదో అనబోయి, అమ్మవైపు చూసి, ఆగిపోయింది. ఏమన్నా అంటే ఆ తల్లి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుంది.

హాలంతా "ఇస్స్" అని నిట్టూర్చింది. నా వెనకావిడ "ఆహా రే" అని బెంగాలీలో జాలిపడింది. అమ్మ కూడా, అందరితోపాటు, నాలుక చప్పరించి, "పాపం, ఎవల బిడ్డో," అంది. బుజ్జి తల నిమురుతూ అంది.

"ఏటన్నాడే?" అని నన్ను అడిగింది.

"వానల గురించమ్మా," అన్నాను.

సభ అయిపోయింది. అందరికీ టీ, సింగాడాలు, అవే సమోసాలు, ఇచ్చారు. శాలువా కప్పుకున్న ఒకావిడ వచ్చి బుజ్జి బుగ్గ నిమిరి, బాగా చూసుకుంటున్నావమ్మా అని అమ్మని హిందీలో మెచ్చుకుంది. అమ్మ రెండు చేతులూ జోడించింది. ప్రణతక్క గేటు దాకా వచ్చి సాగనంపింది. నాన్న టోటో తెచ్చాడు.

పూరీ గేట్ దగ్గర గూడ్సు బండి అడ్డం పడి ఆగాల్సి వచ్చింది. బుజ్జి ఒక్కొక్క పెట్టెకీ కేక పెడుతున్నాడు. అమ్మకి ఏమీ తెలియలేదు కదా అని నేను లోలోపల ఊపిరి పీల్చుకుంటున్నాను.

"మన గురించే గదే అన్నాడు," అంది అమ్మ, బండివైపు చూస్తూనే.

నేను అమ్మవైపు తిరిగాను.

"నువ్వు సెప్తూ సెప్తూ ఆగిపోనావు. అప్పుడే తెలిసింది."

"మరి పాపం అన్నావేంటమ్మా?"

అమ్మ బుజ్జిని కొంచెం పైకి ఎత్తుకుని, వాడికి బండి బాగా కనపడేటట్టు కూర్చోబెట్టుకుంది.

"అంతమందీ అయ్యో అంతన్నారు. నానొక్కదాన్నే ఊరుకుంటే తెలిసిపోదేటి?"